వచ్చిన డాలర్లు ఎక్కడ ఆగుతాయి? విదేశీ పెట్టుబడికి, వృద్ధికి, పేదరికానికి మధ్య ఉన్న లెక్క

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించినప్పటి నుంచి విజయవాడ టీ కొట్ల దగ్గరా, గుంటూరు బ్రాడీపేట కోచింగ్ సెంటర్ల మెట్ల మీదా రెండు ప్రశ్నలు తరచుగా వినిపిస్తున్నాయి. ఇన్ని వేల కోట్లు వస్తుంటే మన పిల్లల ఉద్యోగాల సంగతేమిటని ఒకరు అడిగితే, తెచ్చినవాళ్లు అంతకు రెట్టింపు పట్టుకుపోరా అని మరొకరు అడుగుతున్నారు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. వాటికి ఒక్క మాటలో జవాబు దొరకకపోవడానికి కారణం, "విదేశీ పెట్టుబడి" అనే ఒకే పేరు కింద నాలుగైదు వేర్వేరు సంగతులను కలిపి మాట్లాడుకోవడమే. కాబట్టి ముందు ఆ చిక్కు విప్పుకోవాలి.

బయటి నుంచి వచ్చిన ప్రతి డాలరూ పెట్టుబడి కాదు

గుంటూరు, కృష్ణా జిల్లాలవారికి బాగా తెలిసిన విదేశీ సొమ్ము అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకో కూతురో ఇంటికి పంపే డబ్బు. దాన్ని ప్రవాసుల జమలు అంటారు. 2024-25లో భారతదేశానికి ఇలా వచ్చిన మొత్తం 13,500 కోట్ల డాలర్లకు పైనే ఉంది. అదే ఏడాది వచ్చిన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి కంటే ఇది ఎంతో ఎక్కువ. అయితే ఇందులో పెద్ద భాగం ఇంటి ఖర్చులకు, చదువులకు, అపార్ట్‌మెంట్లకు పోతుంది. లాభం రూపంలో దీన్ని వెనక్కి తీసుకుపోయేవారు ఎవరూ ఉండరు.

రెండోది అప్పు. అమరావతి నిర్మాణానికి 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు దాదాపు 79 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. పత్రికల్లో ఈ వార్త పెట్టుబడుల వార్తల పక్కనే వచ్చింది గానీ ఇది పెట్టుబడి కాదు. రాజధాని పుంజుకున్నా పుంజుకోకపోయినా ఈ సొమ్ముకు అసలు, వడ్డీ కట్టితీరాలి. పెట్టుబడి పెట్టినవాడు మాత్రం వ్యాపారం నష్టపోతే ఆ నష్టాన్ని తానే భరిస్తాడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ రూపాయి విలువ పడిపోయినప్పుడు దేశం మెడకు ఉరి బిగించేది సాధారణంగా అప్పే.

మూడోది పోర్ట్‌ఫోలియో పెట్టుబడి, అంటే విదేశీ ఫండ్లు మన స్టాక్ మార్కెట్లో షేర్లు, బాండ్లు కొనడం. ఒక లిస్టెడ్ కంపెనీలో విదేశీ మదుపుదారు వాటా 10 శాతం లోపు ఉంటే దాన్ని ఈ కోవలో లెక్కిస్తారు. ఇది ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోగల డబ్బు. 1997లో థాయిలాండ్, ఇండోనేషియా, దక్షిణ కొరియాలను కుదిపేసిన సంక్షోభంలో స్వల్పకాలిక అప్పులూ, ఈ రకం సొమ్మూ ఒక్కసారిగా వెనక్కి మళ్లాయి.

నాలుగోది విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి, ఎఫ్‌డీఐ. కంపెనీలో 10 శాతం లేదా అంతకు మించి వాటా తీసుకుని, దాని నిర్వహణలో మాట చెల్లించుకునే స్థాయిలో, ఏళ్ల తరబడి ఉండే ఉద్దేశంతో పెట్టే సొమ్ము ఇది. ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఖాళీ నేల మీద కొత్త ఫ్యాక్టరీ కడితే గ్రీన్‌ఫీల్డ్ అంటారు, ఉన్న కంపెనీని కొంటే బ్రౌన్‌ఫీల్డ్ అంటారు. మన ఊళ్లో నడుస్తున్న ఆస్పత్రిని విదేశీ సంస్థ కొన్నదనుకుందాం. పాత యజమానికి డబ్బు ముట్టింది, ఎఫ్‌డీఐ లెక్క పెరిగింది, కానీ ఊళ్లో ఒక్క మంచం కూడా కొత్తగా చేరలేదు. పాత యజమాని ఆ డబ్బుతో ఏం చేశాడన్న దాన్ని బట్టే ఊరికి ఒరిగిందేమిటో తేలుతుంది.

గుంటూరు నేల మీద వందేళ్ల కిందటి ఉదాహరణ

ఈ చర్చ గుంటూరుకు కొత్తది కాదు. బ్రిటిష్ అమెరికన్ టొబాకో కుటుంబానికి చెందిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడింది. 1920ల్లో గుంటూరు ప్రాంతపు నల్లరేగళ్లలో వర్జీనియా పొగాకు సాగు మొదలైంది. రైతుల నోట ఆ కంపెనీ పేరు "ఐఎల్‌టీడీ"గానే నిలిచిపోయింది. ఆనాటి పద్ధతిని దగ్గరగా చూస్తే, విదేశీ పెట్టుబడి గురించి ఈనాడు జరిగే వాదనలన్నీ అందులో కనిపిస్తాయి.

కంపెనీ తెచ్చింది డబ్బు ఒక్కటే కాదు. విత్తనం తెచ్చింది, ఆకును ఏ పక్వంలో విరవాలో చెప్పింది, ఆకును వేడితో ఆరబెట్టే గది అయిన బ్యారన్‌ను ఎలా కట్టాలో, లోపల వేడిని రోజు రోజుకూ ఎంత పెంచాలో నేర్పింది. పచ్చి ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లో అంతస్తులుగా వేలాడదీసి, రాత్రింబవళ్లు మంట చూసుకుంటూ ఆకు బంగారు రంగుకు తిరిగేదాకా కాపు కాయడం చేతిపని. ఆ పనిని ఇక్కడి రైతులు, కూలీలు నేర్చుకున్నారు. నగదు పంట చేతికొచ్చి కొన్ని కుటుంబాలు పిల్లల్ని పై చదువులకు పంపాయి. గ్రేడింగ్ షెడ్లలో వేల మంది స్త్రీలకు ఏటా కొన్ని నెలలు కూలి దొరికింది.

మరోవైపు, ధర చెప్పేది కొనేవాడే. ఆకు నాణ్యతకు గ్రేడు వేసేదీ కొనేవాడే. వండిన ఆకును రైతు ఇంట్లో పెట్టుకుని వాడుకోలేడు, ఊరి సంతలో అమ్ముకోలేడు. ఆకు వండటానికి కట్టెల కోసం చెట్లు నరికారు. సిగరెట్టు తయారీలో వచ్చే పెద్ద లాభం పొలానికి దూరంగా, వేరే చోట మిగిలేది. ఈ అసమానతను సరిదిద్దడానికి 1976లో పొగాకు బోర్డును గుంటూరు కేంద్రంగా ఏర్పాటు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి వేలం పద్ధతి వచ్చింది. అంటే పెట్టుబడి వచ్చిన దాదాపు 70 ఏళ్లకు, నలుగురు కొనుగోలుదారులు బహిరంగంగా పోటీపడే ఏర్పాటు అమరింది. మేలు జరిగిందా, కీడు జరిగిందా అని ఒక్క ముక్కలో తేల్చమంటే నేను తేల్చలేను. నైపుణ్యం ఇక్కడే నిలిచింది, బేరసారాల్లో బలం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చిందని చెప్పగలను. పొగాకు వల్ల ఆరోగ్యానికి జరిగే నష్టం వేరే లెక్క. 2010 నుంచి సిగరెట్ల తయారీలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిని భారత్ నిషేధించింది.

ప్రకటించింది, వచ్చింది, మిగిలింది

పెట్టుబడుల సదస్సు ముగిసిన మర్నాడు పత్రికల్లో కనిపించే అంకె అవగాహన ఒప్పందాలది. ఒప్పందం మీద సంతకం పడినంత మాత్రాన సొమ్ము చేతులు మారదు. అమరావతిలో 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతం కోసం సింగపూర్ సంస్థల కూటమితో కుదిరిన ఒప్పందానికి 2017లో శంకుస్థాపన కూడా జరిగింది. 2019లో అది రద్దయింది. అలాగే గూగుల్ ప్రకటనలోని 1,500 కోట్ల డాలర్లు 2026 నుంచి 2030 వరకు అంచెలంచెలుగా పెట్టే ఖర్చు.

రెండో అంకె నిజంగా దేశంలోకి వచ్చిన సొమ్ము, దీన్ని స్థూల పెట్టుబడి అంటారు. 2024-25లో ఇది దాదాపు 8,100 కోట్ల డాలర్లు. మూడోదైన నికర పెట్టుబడి గురించి ఎక్కువమంది వినరు. అదే ఏడాది విదేశీ మదుపుదారులు వాటాలు అమ్ముకునో, మరో రూపంలోనో వెనక్కి తీసుకెళ్లింది సుమారు 5,150 కోట్ల డాలర్లు. భారతీయ కంపెనీలు విదేశాల్లో పెట్టింది 2,900 కోట్ల డాలర్లకు పైన. ఈ రెండూ తీసేస్తే, రిజర్వు బ్యాంకు తొలి లెక్కల ప్రకారం మిగిలింది 35 కోట్ల డాలర్లే.

ఆ సొమ్ము వెనక్కి వెళ్లే తీరుకు మంచి ఉదాహరణ 2024 అక్టోబరులో వచ్చిన హ్యుందాయ్ మోటార్ ఇండియా ఐపీఓ, అంటే ఆ కంపెనీ షేర్లను తొలిసారి ప్రజలకు అమ్మకానికి పెట్టడం. 27,870 కోట్ల రూపాయల ఆ ఇష్యూలో కొత్త షేర్లు ఒక్కటీ లేవు. కొరియాలోని మాతృసంస్థ తన పాత షేర్లనే అమ్మింది, డబ్బు దానికే చేరింది. మన ఊళ్లో ఆ షేరుకు దరఖాస్తు చేసినవారిలో ఎంతమంది ఈ సంగతి గమనించారో తెలియదు.

నికర అంకె ఇంత పడిపోవడం మంచిదా, చెడ్డదా? లాభం తీసుకుని సాఫీగా బయటికి వెళ్లగలిగే దేశానికే కొత్త మదుపుదారులు ధైర్యంగా వస్తారని, ఇది మార్కెట్ పరిణతికి గుర్తని రిజర్వు బ్యాంకు వాదించింది. మన కంపెనీలే బయట ఎక్కువగా పెట్టుబడి పెడుతున్నాయంటే ఇక్కడి అవకాశాల మీద నమ్మకం తగ్గిందేమో ఆలోచించాలని విమర్శకులు అంటున్నారు. ఒక్క ఏడాది అంకెతో ఈ వివాదం తేలదు. అయితే స్థూల అంకెను మాత్రమే చెప్పి సంబరపడటం సగం లెక్క చెప్పడమేనని నిస్సందేహంగా అనవచ్చు.

ఊహించిన ఒక ఫ్యాక్టరీ, లెక్క వేసి చూస్తే

గుంటూరు శివార్లలో ఒక విదేశీ సంస్థ 1,000 కోట్ల రూపాయలతో ఎలక్ట్రికల్ సామాన్ల ఫ్యాక్టరీ పెట్టిందనుకుందాం. ఈ అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను ఊహించినవి. అందులో 600 కోట్లు విదేశీ యంత్రాలకు పోతే, ఆ సొమ్ము ఒక కాగితం మీద లోపలికి వచ్చి మరో కాగితం మీద బయటికి వెళ్లినట్టే. స్థలం, సిమెంటు, తాపీపని, కరెంటు లైన్లకు అయ్యే మిగతా 400 కోట్లే తొలి విడతగా ఇక్కడ తిరుగుతాయి.

ఫ్యాక్టరీ మొదలయ్యాక ఏటా 1,500 కోట్ల అమ్మకాలు జరుగుతాయనుకుందాం. దిగుమతి విడిభాగాలకు 700 కోట్లు, స్థానిక కొనుగోళ్లకు 450 కోట్లు, 3,000 మందికి సగటున నెలకు 25,000 చొప్పున జీతాలు 90 కోట్లు, కరెంటు, రవాణాలకు 80 కోట్లు, మాతృసంస్థ పేరును, సాంకేతికతను వాడుకున్నందుకు కట్టే రాయల్టీ 60 కోట్లు, లాభం 120 కోట్లు. లాభంలో 30 కోట్లు పన్నుగా ఇక్కడ ఉండి, మిగతా 90 కోట్లు బయటికి వెళ్తాయి. కూడి చూస్తే దేశంలో నిలిచేది 650 కోట్లు, దాటిపోయేది 850 కోట్లు.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. ఐదేళ్లలో స్థానిక సరఫరాదారులు నాణ్యత పెంచుకుని, దిగుమతి భాగాల్లో 300 కోట్ల విలువైనవి ఇక్కడే చేయడం మొదలుపెట్టారు. ఒక్క డాలరు కొత్తగా రాలేదు, ఫ్యాక్టరీ పెరగలేదు, జీతాలూ మారలేదు. అయినా ఇక్కడ నిలిచేది 950 కోట్లకు చేరింది. లాభం ఎంత పట్టుకుపోతున్నారన్న దాని మీద మనం ఎక్కువ వాదించుకుంటాం. కానీ ఈ లెక్కలో పెద్ద తేడా తెచ్చింది లాభం కాదు, విడిభాగాలు ఎవరు చేస్తున్నారన్నదే. కియా సంస్థ 110 కోట్ల డాలర్లతో, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ కట్టి 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు, దానితోపాటు కొరియా విడిభాగాల సంస్థలూ చుట్టుపక్కల యూనిట్లు పెట్టాయి. జిల్లాకు ఉద్యోగాలు వచ్చాయి. కానీ ఆ సరఫరా గొలుసులో తెలుగు పారిశ్రామికుడు ఏ మెట్టు మీద ఉన్నాడన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న.

వృద్ధి ఒక కొలత, పేదరికం మరో కొలత

స్థూల దేశీయోత్పత్తి అంటే దేశం లోపల ఒక ఏడాదిలో తయారైన వస్తుసేవల విలువ. తయారు చేసింది ఎవరి కంపెనీ అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. పైన చెప్పిన ఫ్యాక్టరీ లాభం కూడా మన ఉత్పత్తిలోనే చేరుతుంది. బయటికి పోయే ఆదాయాన్ని తీసేసి, బయటి నుంచి మనకు వచ్చే ఆదాయాన్ని కలిపితే స్థూల జాతీయాదాయం వస్తుంది. విదేశీ కంపెనీలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఈ రెండింటి మధ్య తేడా పెద్దది. ఐర్లాండ్ ఇందుకు అందరూ చెప్పే ఉదాహరణ.

పేదరికాన్ని కుటుంబం నుంచి కొలుస్తారు. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తీవ్ర పేదరిక రేఖను మనిషికి రోజుకు 3 డాలర్లుగా సవరించింది. ఇది బ్యాంకు కౌంటర్లో మార్చుకునే డాలరు కాదు. ఒక్కో దేశంలో ధరలను బట్టి సరిచేసిన కొనుగోలు శక్తి డాలరు. ఈ రేఖ ప్రకారం భారత్‌లో తీవ్ర పేదరికం 2011-12లో 27.1 శాతం ఉండగా 2022-23కు 5.3 శాతానికి తగ్గింది. నీతి ఆయోగ్ వాడే బహుముఖ పేదరిక సూచీ ఆదాయాన్ని చూడదు. పోషణ, చదువు, వంట ఇంధనం, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా వంటివి చూస్తుంది. దాని ప్రకారం 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 6.06 శాతం. రెండు కొలతలూ మెరుగుపడ్డాయి. అందులో గ్యాస్ కనెక్షన్, రేషన్ బియ్యం, ఉపాధి హామీ కూలి వంటి ప్రభుత్వ పథకాల వాటా ఎంత, పరిశ్రమల వాటా ఎంత, అందులో మళ్లీ విదేశీ పెట్టుబడి వాటా ఎంత అని విడదీయడం ఆర్థికవేత్తలకే కష్టం. "పెట్టుబడి వచ్చింది, పేదరికం తగ్గింది" అనే రెండు నిజాలను పక్కపక్కన పెట్టి, మొదటిదే రెండోదానికి కారణమని చెప్పేవారిని అందుకే ఒక్క క్షణం ఆపి అడగాలి.

ఇతర దేశాల్లో ఏం జరిగింది

చైనా గత 40 ఏళ్లలో దాదాపు 80 కోట్ల మందిని తీవ్ర పేదరికం నుంచి బయటికి తెచ్చింది. విదేశీ పెట్టుబడి వల్లే ఇది జరిగిందని చాలామంది నమ్మకం. కాలక్రమం చూస్తే చిత్రం మారుతుంది. 1978 తర్వాత సామూహిక సాగు స్థానంలో కుటుంబాలకు భూమి సాగు హక్కు ఇవ్వడంతో తొలి పెద్ద తగ్గుదల పల్లెల్లోనే వచ్చింది. విదేశీ పెట్టుబడి వెల్లువెత్తింది 1992 తర్వాత. అప్పటికే చదువుకున్న, కొంత కడుపు నిండిన శ్రామికులు ఫ్యాక్టరీల కోసం సిద్ధంగా ఉన్నారు. దక్షిణ కొరియా 1960, 70 దశకాల్లో విదేశీ యాజమాన్యాన్ని కట్టడి చేసి, అప్పులు తెచ్చుకుని, సాంకేతికతకు లైసెన్సులు కొని ఎదిగింది. వియత్నాం దీనికి ఎదురుదారి పట్టింది. 1986 సంస్కరణల తర్వాత తలుపులు బార్లా తెరిచింది. పేదరికం బాగా తగ్గింది, కానీ నేటికీ దాని ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ కంపెనీలవే.

నాకు అన్నింటికన్నా ఎక్కువ చెప్పే ఉదాహరణ బంగ్లాదేశ్‌ది. 1979లో అక్కడి దేశ్ గార్మెంట్స్ అనే సంస్థ కొరియాకు చెందిన దేవూతో ఒప్పందం చేసుకుని, సుమారు 130 మందిని బుసాన్‌కు శిక్షణకు పంపింది. కొన్నేళ్లలో వారిలో నూరుమందికి పైగా ఆ సంస్థ వదిలి సొంత కుట్టు పరిశ్రమలు పెట్టారు, లేదా ఇతరుల వాటిలో చేరారు. ఆ దేశపు దుస్తుల పరిశ్రమ, అందులో పనిచేసే లక్షలాది స్త్రీల జీతం, ఆ గుంపు నేర్చుకొచ్చిన పని మీదే మొలిచాయి. ఇందులో విదేశీ డబ్బు పాత్ర చిన్నది, విదేశీ విద్య పాత్ర పెద్దది.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఈక్వటోరియల్ గినియా ఉంది. 1990ల్లో చమురు దొరికి అమెరికా కంపెనీలు వచ్చాక తలసరి ఉత్పత్తి ఆఫ్రికాలోనే అగ్రస్థాయికి చేరింది. 2006 సర్వేలో మాత్రం జనాభాలో నాలుగింట మూడు వంతుల మంది పేదలుగా తేలారు. సముద్రంలోని చమురు బావికి స్థానిక సరఫరాదారులు అక్కర్లేదు, పెద్ద సంఖ్యలో కూలీలూ అక్కర్లేదు. వచ్చిన పన్ను పాలకుల చుట్టూనే ఆగిపోయింది.

ఆటోనగర్ లేత్ మెషిన్ దగ్గర

పరిశోధకుల లెక్కలు కూడా దాదాపు ఇదే దిశ చూపిస్తాయి. 69 వర్ధమాన దేశాల సమాచారంతో బోరెన్‌స్టైన్, డి గ్రెగోరియో, లీ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, జనానికి ఒక కనీస స్థాయి చదువు ఉన్న చోటే విదేశీ పెట్టుబడి వృద్ధికి గట్టి ఊతమిస్తుందని తేలింది. వెనిజులా ఫ్యాక్టరీలపై 1999లో వచ్చిన పరిశీలనలో, విదేశీ కంపెనీలతో నేరుగా పోటీపడిన దేశీ యూనిట్ల ఉత్పాదకత తగ్గినట్టు కనిపించింది. లిథువేనియాపై బీటా జావర్సిక్ 2004లో చేసిన అధ్యయనంలో, విదేశీ కంపెనీలకు సరుకు అందించే దేశీ సంస్థలు మెరుగుపడ్డాయి. అదీ పూర్తి విదేశీ యాజమాన్యం ఉన్నచోట కాదు, స్థానిక భాగస్వామి ఉన్నచోట.

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డులోకి వెళ్లినా ఈ మాటకు అర్థం దొరుకుతుంది. లేత్ మీద షాఫ్టు తిప్పే మేస్త్రి కంటిచూపుతో, వెర్నియర్ అనే కొలత పరికరంతో వెంట్రుకవాసి తేడా పట్టేస్తాడు. అతని పనితనంలో లోటు లేదు. కానీ పెద్ద కంపెనీ అడిగేది ఒక మంచి షాఫ్టును కాదు, అచ్చం ఒకేలా ఉండే పదివేల షాఫ్టులను, ప్రతి దానికీ కొలతల నమోదును, వాడిన ఉక్కుకు పరీక్షా పత్రాన్ని, 90 రోజుల తర్వాత వచ్చే చెల్లింపును. మూడు నెలలు సొంత డబ్బుతో మెటీరియల్ కొని జీతాలిచ్చే స్తోమత ఆ షెడ్డు యజమానికి ఉండదు. ఐటీఐ చదివిన కుర్రాడికి కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ మీద చేయి తిరిగే అవకాశం దొరకదు. మన ఊహా లెక్కలోని 300 కోట్లు ఇక్కడికి చేరతాయా, చేరవా అన్నది బ్యాంకు అప్పు దొరకడం, పరీక్షా ప్రయోగశాల అందుబాటులో ఉండటం, సకాలంలో బిల్లు రావడం వంటి సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. పెట్టుబడుల సదస్సుల్లో ఇవి చర్చకు రావడం అరుదు.

వాదన ఇంకా తేలని చోట్లు

రాయితీలు మొదటిది. పన్ను వాపసు, చౌక భూమి, కరెంటు తగ్గింపు కలిపి ప్రభుత్వం 100 కోట్ల భారం మోస్తే, 3,000 ఉద్యోగాల ఫ్యాక్టరీలో ఒక్కో ఉద్యోగానికి 3.33 లక్షలు పెట్టినట్టు. కంపెనీ ఎలాగూ వచ్చేదే అయితే అది వృథా. మరో రాష్ట్రానికి పోయేదే అయితే అది సమర్థనీయం కావచ్చు. ఏది నిజమో కంపెనీకి తెలుసు, ప్రభుత్వానికి కచ్చితంగా తెలియదు. డేటా సెంటర్ల విషయంలో ఈ లెక్క ఇంకా కష్టం. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, కట్టాక నడపడానికి కొద్దిమంది చాలు. సమర్థకులు దాని చుట్టూ పెరిగే సాఫ్ట్‌వేర్ సంస్థలను చూపిస్తారు, విమర్శకులు అది వాడుకునే కరెంటును, నీటిని చూపిస్తారు.

భూమి రెండోది. 2014 తర్వాత విజయవాడలో ఇంటి అద్దెలు ఒక్కసారిగా ఎగబాకిన సంగతి ఇక్కడ అద్దెకున్న ఎవరికీ మరపురాదు. సొంతిల్లున్నవారికి అదే వృద్ధి, అద్దెకున్నవారికి అదే ఖర్చు. అమరావతి భూసమీకరణలో పొలం ఇచ్చినవారికి ప్లాట్లు, ఏటా కౌలు ఏర్పాటయ్యాయి. పొలమే లేని కూలీ కుటుంబాలకు మొదట్లో నెలకు 2,500 రూపాయల పింఛను దక్కింది. ఆ పొలాల్లో ఏడాది పొడవునా దొరికిన కూరగాయల కోతలు, కలుపుతీతల కూలితో దాన్ని పోల్చి చూడాలి.

ఇదే చిక్కు గుంటూరు మిర్చిలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముడై శీతల గిడ్డంగులకు చేరాక, షెడ్లలో ఆడవాళ్లు కాయకు తొడిమలు తీస్తారు. ఘాటుకు ముక్కుకు చీరకొంగు అడ్డం కట్టుకుని, మంటెత్తే వేళ్లతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీస్తే, కూలి కిలోల లెక్కన వస్తుంది. రేపు ఒక విదేశీ సంస్థ ఇక్కడే కారం, మిర్చి తైలం తీసే ఆధునిక యూనిట్ పెడితే, పురుగుమందు అవశేషాలు లేని కాయకు రైతుకు మెరుగైన ధర పలకవచ్చు, ఎగుమతి విలువ పెరుగుతుంది, ప్రయోగశాలలో డిగ్రీ చదివిన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి, జిల్లా ఉత్పత్తి పెరిగినట్టు నమోదవుతుంది. తొడిమలు తీసే పని యంత్రానికి పోతుంది. ఆమె కూతురు ఆ ప్రయోగశాలలో చేరేంత చదువు చదివి ఉంటే ఆ ఇంటి లెక్క ఒకలా ఉంటుంది, పదో తరగతి దగ్గర ఆగిపోయి అదే షెడ్డులో తల్లి పక్కన కూర్చుని ఉంటే మరోలా ఉంటుంది.